తుపాకీ మీద నా చిరునామా

కువైట్‌కు ఇంటి డ్రైవరు వీసా మీద పోబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "చిన్నాయనా, అన్నేండ్లు ఉండొచ్చినోడివి, ఏమన్నా చెప్పు" అని కూర్చుంటారు. లైసెన్సు టెస్టులో ఏమడుగుతారు, అక్కడ ఉండే పర్మిటు ఇఖామా ఎన్నాళ్ళకు వస్తుంది, మన కందిపప్పు అక్కడ దొరుకుతుందా, ఇవన్నీ ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి. అందుకని నేను ఫోన్లో దొరకని మాట ఒకటి చెప్తాను. "నాయనా, ఏదన్నా ప్యాకెట్ కట్టి దాని మీద పేరు రాసేముందు, లోపల ఏముందో ఒక్కసారి గుర్తు చేసుకోండి" అంటాను. వాళ్ళు నవ్వుతారు. ఇప్పుడైతే నేనూ నవ్వుతాను. గుర్తు చేసుకోకుండా నేను రాసిన పూట మాత్రం నవ్వలేకపోయాను.

నేను పనిచేసిన ఇల్లు ఫహాహీల్‌లో. అక్కడ యజమానిని బాబా అంటాం, యజమానురాలిని మామా అంటాం. బాబా అహ్మదిలో ఆయిల్ కంపెనీలో చేసి రిటైరైన మనిషి. ఒక్కడే కొడుకు. కువైట్ సిటీలో మినిస్ట్రీ ఉద్యోగం, కాపురం కూడా ఆ పక్కనే. ఇంట్లో మిగిలింది ఆ ముసలి దంపతులు, నేను, వంటమనిషి. వంటమనిషి నరసాపురం దిక్కు ఆవిడ. నాకంటే పెద్దది, నాకంటే ముందు వచ్చింది. నేను అక్కా అంటాను, ఆవిడ తమ్ముడూ అంటుంది. శుక్రవారం చర్చికి ఆవిడను దింపి రావడం కూడా నా డ్యూటీలోనే ఉండేది.

డ్రైవరు వీసా అంటే బండి ఒక్కటే తోలాలనుకునేరు. పొద్దున బండి, మధ్యాహ్నం కూరగాయలు, సాయంత్రం దివానియాలో టీ. దివానియా అంటే ఇంటిని ఆనుకుని మగవాళ్ళు కూర్చునే పెద్ద గది. బాబా స్నేహితులు చీకటి పడే వేళకు అక్కడ చేరేవారు. ఆ గది గోడకు ఒక అద్దాల పెట్టె, అందులో పొడుగాటి గొట్టమున్న రివాల్వరు. చెక్క పిడి, ఇత్తడి కట్టు. అహ్మదిలో బాబాతో పనిచేసిన ఇటలీ ఇంజనీరు ఒకాయన తన దేశం వెళ్ళిపోతూ ఇచ్చిందట. నిజంగా పాతది కాదు. పాతకాలపు మోడలు చూసి కొత్తగా చేసిన నకలు. అలాగని ఉత్త బొమ్మా కాదు. తూటాలతో పని లేదు. చక్రంలో ఒక్కో తొర్రలో తుపాకి మందు పోసి, సీసపు గుండు పెట్టి, గొట్టం కింది కమ్మీతో దట్టించాలి. మా దిక్కున వేరుశనగ చేలల్లోకి దిగే అడవిపందులను బెదరగొట్టే నాటు తుపాకిది కూడా ఇదే లెక్క. అందుకని నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

బాబా దాన్ని ఒక్కనాడూ పేల్చలేదు. "దీన్ని సిద్ధం చేసేలోపు శత్రువు టీ తాగి ఇంటికి వెళ్ళిపోతాడు" అనేవాడు. కొత్తగా ఎవరొచ్చినా దాని కథ మొదలుపెట్టేవాడు. ఏదో దేశంలో ఏదో యుద్ధం, గుర్రాలు, మంచు. ఆ యుద్ధం ఒక్కోసారి ఒక్కో దేశంలో జరిగేది. పాత స్నేహితులు మీసాల్లో నవ్వుకుంటూ వినేవారు. వాళ్ళలో ఒక పెద్దాయనకు పాత వస్తువులు కూడబెట్టే పిచ్చి. ఇంట్లో ఒక గది నిండా కత్తులు, లాంతర్లు, పడవ సామాన్లు పేర్చుకున్నాడు. వాటికి సర్కారు అనుమతి కాగితాలు కూడా ఉన్నాయి. ఆయన వచ్చినప్పుడల్లా "అమ్ముతావా?" అనేవాడు. "నేను పోయాక నా కొడుకునడుగు" అని బాబా అనేవాడు. ఇద్దరూ నవ్వేవారు. నేను ఖాళీ గ్లాసులు ఎత్తుకుని వెళ్ళేవాణ్ణి.

బాబాకు ఇంకో అలవాటు ఉండేది. పెద్దమనుషులందరూ బండిలో వెనక సీట్లో కూర్చుంటే ఆయన ముందు సీట్లో, నా పక్కనే కూర్చునేవాడు. "వెనక కూర్చుంటే మాటలు అందవు" అనేవాడు. వానలు పడ్డాయా, కూతురు ఏం చదువుతోంది, అన్నీ అడిగేవాడు. నా కూతురు అప్పుడు తిరుపతిలో నర్సింగ్ చదువుతోంది. నర్సింగ్ అనే మాట విని, "నేను మంచాన పడితే మీ అమ్మాయి చేతే సూది వేయించుకుంటా" అన్నాడు. అంత దూరం రాలేదు. ఒక పొద్దున నమాజుకు లేచిన మనిషి గుండె పట్టుకుని కూలబడ్డాడు. నేనే ఎత్తి బండిలో పడుకోబెట్టాను. వెనక మామా ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆసుపత్రికైతే చేర్చగలిగాను.

ఆ తర్వాత మామా ఇద్దాలో కూర్చుంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పైచిలుకు ఇల్లు కదలకుండా, నగ, అత్తరు, కాటుక ఏవీ ముట్టకుండా ఉండాలి. దాన్నే ఇద్దా అంటారు. కొందరు డాక్టరు దగ్గరికో, ఆఫీసు పనికో పగటిపూట వెళ్ళొస్తారు, దానికి సెలవు ఉందంటారు. మామా మాత్రం గేటు దాకా కూడా రాలేదు. రోజూ సాంబ్రాణి పొగ నిండి ఉండే ఇల్లు వాసన లేకుండా పోయింది. పలకరింపుకు వచ్చిన ఆడవాళ్ళను లోపలే కూర్చోబెట్టి మాట్లాడేది. నాకు పనే లేకుండా పోయింది. బండి తుడవడం, మళ్ళీ తుడవడం.

ఆస్తి పంపకంలో రివాల్వరు కొడుకు వంతుకు వచ్చింది. ఆయన ఇంట్లో చిన్నపిల్లలు, భార్య ఒప్పుకోలేదు. అద్దాల పెట్టెలోంచి తీసి మామా గది బీరువాలో పెట్టి ఉంచారు. మామా దాన్ని చూడలేకపోయింది. "కథ చెప్పేవాడు పోయాడు, ఇనుము నాకెందుకు?" అని కొడుకుతో అంది. ఆయన ఆ పాత వస్తువుల పెద్దాయనకు కబురు పెట్టాడు. బాబా నవ్వులాటకు అన్న మాటే చివరికి నిజమైంది. అమ్మకానికి సర్కారు కాగితం కావాలి కాబట్టి ఇద్దరూ కలిసి కువైట్ సిటీలో ఆఫీసుకు వెళ్ళారు.

మీకు ఒక సంగతి ముందే చెప్పాలి. ఆ వారంలోనే నేను సెలవు మీద ఇంటికి రావాలి. వెనక వంటింట్లో నా కార్టన్ సగం కట్టి ఉంది. గల్ఫ్ కార్టన్ అంటే మీకు తెలుసు. దుప్పట్లు, సబ్బులు, పాలపొడి, పిల్లలకు చాక్లెట్లు, అన్నీ కుక్కి, గాలి దూరకుండా టేపు చుట్టి, తాడు బిగించి, నల్ల మార్కరుతో ఆరు వైపులా పేరు రాస్తాం. పేరు, ఊరు, మండలం, జిల్లా, దిగే ఎయిర్‌పోర్టు. రాయని కార్టన్ పోయిన కార్టన్ అని మా వాళ్ళ నమ్మకం. టేపు, కత్తెర, మార్కరు అక్కడే గట్టు మీద పడి ఉన్నాయి.

పదిగంటల వేళ కొడుకు ఫోన్ చేశాడు. "ఆఫీసులో వస్తువు చూపించమంటున్నారు. కౌంటరు మూసేలోపు పట్టుకురా. ఎవరి కంటా పడకుండా గట్టిగా కట్టు. యల్లా, తొందరగా" అన్నాడు. అనుమతి కాగితం ఏది సార్ అంటే, నా దగ్గరే ఉంది, నువ్వు రా అన్నాడు. డ్రైవరు నోటికి "సరే సార్" తప్ప ఇంకో మాట రాదు. అది మా వృత్తి దోషం.

మామా బీరువా తెరిచి ఇచ్చింది. నేను దాన్ని వెనక వంటింటికి తెచ్చి, కొత్త తువ్వాలలో చుట్టి, ఖాళీ చాక్లెట్ల రేకు డబ్బాలో పెట్టి, డబ్బాను అట్టపెట్టెలో దించాను. ఇక టేపు. ఎవరి కంటా పడకుండా అన్నాడు కదా, చుట్టిందే చుట్టాను. ఫోను మళ్ళీ మోగుతోంది, ఎక్కడున్నావ్, బయల్దేరావా అని. అప్పుడే అక్క చేపలు కడిగి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను ఊరికి కట్టుకునే సామానే అనుకుంది.

"పేరు రాసేవా తమ్ముడూ? రాయకపోతే పోద్ది. మద్రాసులో దిగుతావు కదా, అది కూడా రాసెయ్యి" అంది.

చెవి ఆమె మాట విన్నది, చేతికి మార్కరు దొరికింది, బుర్ర మాత్రం ఫోన్లో ఉంది. అలవాటులో పొరపాటు అంటారే, అదే. ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు, ఊరు, మండలం, జిల్లా, చెన్నై ఎయిర్‌పోర్టు. కింద గీత కూడా కొట్టాను.

బండి దగ్గరికి వెళ్ళాక డిక్కీ తెరిచాను. స్టెప్నీ టైరు, నూనె డబ్బా, పాత గుడ్డలు. బాబా వస్తువును వాటి మధ్య పెట్టబుద్ధి కాలేదు. ముందు సీట్లో, ఆయన కూర్చునే చోట పెట్టాను. జారకుండా బెల్టు కూడా వేశాను. ఆ సీట్లో ఆ బెల్టు అంతకుముందు వేసింది బాబాకే. అలాగే బయల్దేరాను.

ఫహాహీల్ దాటి సిటీ రోడ్డెక్కాక పోలీసుల తనిఖీ. మామూలుగా బతాకా, అంటే గుర్తింపు కార్డు చూసి, ముఖం చూసి పొమ్మంటారు. ఆ కుర్ర పోలీసు బతాకా చూశాడు, నా ముఖం చూశాడు, తర్వాత పక్క సీటు చూశాడు.

"ఈ ప్రయాణికుడెవరు?" అన్నాడు నవ్వుతూ.

నేను కూడా నవ్వి ఊరుకుంటే సరిపోయేది. కానీ నాకు చెమట పట్టింది. అతని నవ్వు పోయింది. టేపు కోసేదాకా పెద్ద సమయం పట్టలేదు, నేను చుట్టింది తక్కువేమీ కాకపోయినా.

ఇంటి అరబ్బీ ఇంట్లోనే పనికొస్తుంది, పోలీసు దగ్గర కాదని ఆరోజు తెలిసింది. "ఇది ఎవరిది?" అన్నాడు. "బాబాది" అన్నాను. "బాబా ఎక్కడ?" అన్నాడు. "బాబా మౌత్" అన్నాను, అంటే చనిపోయాడని. "చనిపోయినవాడి తుపాకీ మీద నీ పేరెందుకుంది?" అన్నాడు. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, అలవాటు అని. తుపాకుల మీద పేరు రాసే అలవాటు ఉన్న మనిషిని ఎవరైనా ఏం చేస్తారు? బండిని వాళ్ళే తోలుకుంటూ నన్ను మఖ్ఫర్‌కు, అంటే స్టేషనుకు తీసుకెళ్ళారు.

అక్కడ ఆఫీసరు నిదానస్తుడు. కొట్టలేదు, తిట్టలేదు, నీళ్ళిచ్చాడు. రివాల్వరును అటూ ఇటూ తిప్పి, "ఇది పేలుతుందా, బొమ్మా?" అని అడిగాడు. తెలియదు సార్ అంటే పోయేది. నాకున్న నోటిదూల తెలుసుగా. మందు ఇట్లా పోస్తారు సార్, గుండు ఇట్లా పెడతారు, ఇట్లా దట్టిస్తారు అని చేతులతో చేసి మరీ చూపించాను. ఆయన నా చేతులనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అట్ట మీద రాతను వేలితో చూపించి, "దీన్ని విమానంలో ఇండియాకు పంపుతున్నావా?" అన్నాడు. తాటిచెట్టు కింద పాలు తాగినట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నేను తాగడమే కాదు, గ్లాసు మీద పేరు కూడా రాసుకున్నాను.

ఒక గదిలో కూర్చోబెట్టారు. అప్పుడు తెలిసొచ్చింది భయమంటే. ఫింగర్ పడితే, అంటే వేలిముద్రలు తీసి దేశం నుంచి పంపేస్తే, మళ్ళీ ఆ గడ్డ మీద కాలు పెట్టలేం. నా కూతురు చదువు ఇంకా ఒక ఏడు మిగిలి ఉంది. జైలైతే ఇక చెప్పేదే లేదు. కానీ వీటన్నిటికంటే నన్ను కోసింది ఇంకొకటి. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి పోతే, ఆయన వస్తువు దొంగిలించి ఊరికి పంపుకుంటున్నాడు అని మామా చెవిన పడితే? పేరు సాక్షిగా ఉంది కదా. నా చేత్తో నేనే రాశాను.

ఫోన్ చేసుకోనిచ్చారు. కొడుకుకు చేస్తే ఎత్తలేదు. ఆఫీసు కౌంటరు దగ్గర సైలెంటులో పెట్టుకున్నాడట. ఇంటికి చేశాను. అక్క ఎత్తింది.

"అక్కా, నన్ను మఖ్ఫర్‌లో పెట్టినారు. నువ్వు మామాకు చెప్పొద్దు. సార్‌కు ఫోన్ కలిసేదాకా చేస్తా ఉండు. నేను దొంగతనం చేయలేదని మాత్రం చెప్పు" అన్నాను.

"ఎలా చెప్పకుండా ఉంటాను తమ్ముడూ? మామా పక్కనే నిలబడ్డారు, నా ముఖం చూస్తున్నారు" అంది అక్క. అంతలో పోలీసులు నా ఫోను తీసేసుకున్నారు.

తర్వాత ఇంట్లో జరిగింది నాకు అక్క చెప్పినదే. మామా అంతా విని, బయటికెళ్ళేటప్పుడు పైన వేసుకునే అబాయా తెమ్మంది. అక్క బిక్కచచ్చిపోయి, "మామా, మీరు ఇద్దాలో ఉన్నారు కదా" అంది. "ఆయన్ను ఆసుపత్రికి ఎత్తుకుపోయింది ఎవరు? అతని కోసం నేను గడప దాటకూడదా? దేవుడికి నేను చెప్పుకుంటాను, నువ్వు చెప్పులు తే" అందట. చెప్పులు వచ్చాయి. అప్పుడు తట్టింది ఇద్దరికీ, బండి పోలీసుల దగ్గరుంది, డ్రైవరు లోపలున్నాడు. వంటింట్లో ఫ్రిజ్జు మీద అంటించిన టాక్సీ నంబరుకు అక్క ఫోన్ చేసింది. మామా పుట్టాక టాక్సీ ఎక్కడం అదే మొదలట.

"దారి పొడుగునా ఆ టాక్సీ అబ్బాయిని తినేసేరు తమ్ముడూ" అని అక్క ఇప్పటికీ చెప్తుంది. "మెల్లిగా పోనీ, బ్రేకు అలా వెయ్యకు, మా డ్రైవరు ఇలా తోలడు, మా డ్రైవరు చేతిలో టీ గ్లాసు పెట్టుకున్నా తొణకదు అంటారు." అన్నేళ్ళలో నా ముందు ఆమె అన్నది ఒక్కటే, నీకంటే తాబేలు నయం అని.

నేను కూర్చున్న గది తలుపు తెరిచి ఉంది. బయట అందరూ ఒక్కసారి లేచి నిలబడిన చప్పుడైంది. తలెత్తి చూస్తే మామా. నల్ల అబాయాలో, కాటుక లేని కళ్ళతో, పక్కన చేతిసంచి పట్టుకుని అక్క. ఆఫీసరు కుర్చీ వేయించాడు. ఆమె ఇద్దాలో ఉందని తెలిసి, "అమ్మా, మీరెందుకు వచ్చారు, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా" అని నొచ్చుకున్నాడు.

"ఆ వస్తువు నా భర్తది, ఇప్పుడు నా కొడుకుది. ఇతను నా ఇంటి మనిషి. బీరువా తెరిచి నా చేత్తో నేను ఇచ్చాను" అంది మామా.

ఆఫీసరు మర్యాదగా అట్టపెట్టెను ఆమె ముందుకు జరిపాడు. "మరి దీని మీద ఇతని పేరుంది. ఊరుంది. ఎయిర్‌పోర్టు కూడా ఉంది" అన్నాడు.

మామా ఇంగ్లీషు చదవదు. అయినా ఆ నల్ల అక్షరాలను చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "ఇదేమిటి?"

"నా పేరు మామా. మా ఊరు."

"ఎందుకు రాశావు?"

"పోకుండా ఉండేదానికి మామా" అన్నాను. "మేము ఏది కట్టినా పేరు రాస్తాం. రాయకపోతే పోతుంది."

అక్క తల వంచుకుని, "రాయమన్నది నేనే మామా. ఊరికి తీసుకెళ్ళే సామాననుకున్నాను. మద్రాసని కూడా రాయమన్నాను" అంది.

మామా ఒకసారి అట్టపెట్టెను, ఒకసారి మా ఇద్దరినీ చూసింది. ముందు పెదవులు కదిలాయి, తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. బాబా పోయాక ఆ మనిషి నవ్వడం నేను వినలేదు. అబాయా కొసతో నోరు మూసుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. "ఆయన ఉంటే, ఈ కథను దివానియాలో పదేళ్ళు చెప్పేవాడు" అంది. ఆ మాటతో ఆ నవ్వే ఏడుపయింది. ఆఫీసరు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు.

అయినా చట్టం చట్టమే. కాగితం వచ్చేదాకా నన్ను వదలడానికి లేదన్నాడు. మామా ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోవచ్చు, తమ బండిలో దింపిస్తానన్నాడు.

"నన్ను ఇంటికి తీసుకెళ్ళేవాడు లోపలున్నాడు. నేనెలా వెళ్తాను?" అంది మామా.

ఆ కుర్చీలోంచి లేవలేదు. అక్క సంచిలోంచి ఫ్లాస్కు తీసి నాకూ ఖహ్వా, అదే వాళ్ళ కాఫీ, పోసి పంపించింది. తలుపులోంచి నాకు మామా చెప్పులు మాత్రం కనిపించేవి. రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టుకుని కూర్చుంది. ఎన్నో పెళ్ళిళ్ళ దగ్గర, ఆసుపత్రుల దగ్గర, అంగళ్ళ దగ్గర నేను బండిలో ఆమె కోసం కాచుకుని కూర్చున్నాను. అది నా ఉద్యోగం. ఆమె నా కోసం కాచుకుని కూర్చుంది. అది ఆమె ఉద్యోగం కాదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా కళ్ళు తడుస్తాయి, సిగ్గేమీ లేదు.

మధ్యాహ్నం తిరిగాక అసర్ నమాజు బాంగు వినిపించే వేళకు కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెనకే పాత వస్తువుల పెద్దాయన, చేతిలో కాగితాలు. ఆఫీసరు అన్నీ చదివి, మళ్ళీ ఇలా చేయొద్దని కొడుక్కు గట్టిగా చెప్పి, సంతకాలు తీసుకుని రివాల్వరు ఆయనకు, నా బతాకా నాకు ఇచ్చాడు. "ఖలాస్, వెళ్ళు. ఇంకెప్పుడూ దేనిమీదా పేరు రాయకు" అన్నాడు. మామా మాత్రం కొడుకును అందరి ముందే నిలబెట్టి కడిగేసింది. "వస్తువు ఒకచోట, కాగితం ఒకచోట పెట్టుకుని, మధ్యలో మనిషిని నడిపిస్తావా?" అంది. ఆయన తలెత్తలేదు. నాతో, "తప్పు నాది" అన్నాడు. పిల్లలకు నేను చెప్పే రెండో మాట ఇదే. కాగితం లేకుండా వస్తువు ముట్టుకోవద్దు, తెమ్మన్నవాడు ఎంత మంచివాడైనా.

ఇంటికి నేనే తోలాను. వెనక మామా, అక్క. ముందు సీటు ఖాళీ. గేటు దగ్గర దిగేటప్పుడు మామా ఒక్కటే మాట అంది, ఇవాళ మరీ మెల్లిగా తోలావు అని. లోపలికి వెళ్ళి తన గదిలో, తన చోట కూర్చుంది. మిగిలిన ఇద్దా రోజులు మళ్ళీ గడప దాటలేదు.

రివాల్వరు అమ్మకం ఆ తర్వాత పద్ధతిగా జరిగింది. పెద్దాయనే కాగితాలతో మనిషిని వెంటబెట్టుకుని మా దివానియాకు వచ్చాడు. నేను టీ ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని, "ఇది ఏ యుద్ధంలోదో నీకేమన్నా చెప్పాడా?" అని నన్నడిగాడు. నాకు గుర్తున్న యుద్ధాలన్నీ చెప్పాను. ఆయన అన్నిటికీ తలూపాడు.

ఆ సొమ్ము కొడుకు తీసుకోలేదు, తల్లి చేతిలో పెట్టాడు. ఆమె దానితో గేటు బయట గోడకు చల్లనీళ్ళ కూలరు పెట్టించింది, బాబా పేరు మీద. ఎండలో పోయే ఊడ్చేవాళ్ళు, సిలిండర్లు మోసేవాళ్ళు, పక్కిళ్ళ డ్రైవర్లు ఆగి తాగిపోయేవాళ్ళు. దాన్ని రోజూ కడిగి తుడిచే పని నాదే. ఎవడైనా నీళ్ళు తాగి ముఖం కడుక్కుని, అల్లా మేలు చేయాలి అనుకుంటూ పోతుంటే, ఒకప్పుడు అది తుపాకీ అని చెప్పాలనిపించేది. చెప్పేవాణ్ణి కాదు. తుపాకీ మాట ఎత్తకూడదని అంతలోనే గుర్తొచ్చేది.

నా కూతురు చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత కూడా నేను కొన్నేళ్ళున్నాను, చేతులు వణకడం మొదలయ్యేదాకా. వచ్చేసే రోజు కార్టన్ అక్కే కట్టింది, కట్టే ప్రతి వస్తువునూ మామా చూస్తుండగా. ఇద్దరూ కలిసి నాకు తెలియకుండా ఏమేమి దూర్చారో ఇంటికొచ్చాక గాని తెలియలేదు. టేపు చుట్టడం అయ్యాక నేను మార్కరు తీసుకుని పేరు, ఊరు, మండలం, జిల్లా, చెన్నై ఎయిర్‌పోర్టు రాశాను. అక్క వెనక నుంచి, "లోపలేముందో చూసుకున్నావా తమ్ముడూ?" అంది. ముగ్గురం నవ్వాం.

అప్పుడు మామా చెయ్యి చాపింది. "అది ఇటివ్వు" అంది. మోకాళ్ళు పట్టేస్తున్నా వంగి, కార్టన్ ఇంకో వైపు అరబ్బీలో మెల్లగా రెండు వరుసలు రాసింది.

"ఏం రాసినావు మామా?"

"బ్లాకు, వీధి, ఇంటి నంబరు."

"ఎందుకు మామా?"

"పోకుండా" అంది.

చెన్నైలో కస్టమ్స్ ఆయన కార్టన్ అటూ ఇటూ తిప్పాడు. ఒక వైపు మా ఊరు చదివాడు. రెండో వైపు వేలు పెట్టి, ఇదేం రాత, ఇదెవరి అడ్రసు అని అడిగాడు.

"అదీ నాదే సార్" అన్నాను.